వార్ గేమ్ లో కంప్యూటర్ తెలివిగా ఆడాలంటే ఏం మార్చాలి? కొండవీడు ముట్టడి ఉదాహరణతో

హిస్టారికల్ స్ట్రాటజీ గేమ్స్ ఆడేవాళ్ళకి ఒక విషయం బాగా తెలుసు. మొదటి కొన్ని మ్యాచ్ లలో కంప్యూటర్ మనల్ని చితక్కొడుతుంది. ఆ తర్వాత దాని గుట్టు దొరికిపోతుంది. గేటు ముందు నాలుగు టవర్లు కట్టుకుని కూర్చుంటే చాలు. అది సైనికుల్ని ఐదుగురు, ఆరుగురు చొప్పున పంపిస్తూనే ఉంటుంది, వాళ్ళు వచ్చి చస్తూనే ఉంటారు. సరే అని డిఫికల్టీ పెంచితే అదే పిచ్చి పని ఇంకొంచెం ఎక్కువ మందితో చేస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? కోడింగ్ కొద్దిగా వచ్చిన ఎవరైనా దీన్ని మార్చగలరా? మార్చగలరు. ప్రయోగానికి ఫ్రీగా దొరికే 0 ఏ.డి. గేమ్ తీసుకుందాం. మంచి ప్లాన్ అంటే ఏంటో తెలుసుకోవడానికి మన గుంటూరు పక్కనే ఉన్న కొండవీడు కోటని తీసుకుందాం.

"వెరీ హార్డ్" అంటే అసలు అర్థం ఏంటి?

0 ఏ.డి. ని వైల్డ్‌ఫైర్ గేమ్స్ అనే వాలంటీర్ల టీమ్ తయారు చేస్తోంది. ఇది ఓపెన్ సోర్స్, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ నడుస్తుంది. 2025 జనవరిలో వచ్చిన ఆల్ఫా 27 వెర్షన్ కి "అగ్ని" అని పేరు పెట్టారు. మన దేశం తరఫున ఇందులో మౌర్యులు ఉన్నారు. సైనికులు కొట్టిన కలపని, తవ్విన రాయిని అక్కడికక్కడే దించుకునే పని ఏనుగు వాళ్ళ స్పెషాలిటీ.

ఇందులో మనతో ఆడే కంప్యూటర్ ప్లేయర్ పేరు పెట్రా. మొత్తం జావాస్క్రిప్ట్ లో రాశారు. కోడ్ ఎవరైనా తెరిచి చదవొచ్చు. డిఫికల్టీ లెవెల్ ని బట్టి కంప్యూటర్ కి వనరులు చేరే వేగం ఎంత ఉండాలో గేమ్ కోడ్ లో ఇలా రాసి ఉంటుంది:

- సాండ్‌బాక్స్: 0.42 రెట్లు
- వెరీ ఈజీ: 0.56 రెట్లు
- ఈజీ: 0.75 రెట్లు
- మీడియం: 1 (మనతో సమానం)
- హార్డ్: 1.25 రెట్లు
- వెరీ హార్డ్: 1.56 రెట్లు

అంటే మీ మనిషి 100 కలప కొట్టే టైమ్ లో వెరీ హార్డ్ కంప్యూటర్ మనిషి 156 తెస్తాడు. మీడియం నుంచి పైకి వెళ్ళేకొద్దీ మీకు కనిపించే కష్టంలో ఎక్కువ భాగం ఇదే. సేనాపతి అదే మనిషి, జేబులో డబ్బులు మాత్రం ఎక్కువ.

ఇది ఒక్క గేమ్ కథ కాదు. 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 లో కూడా పై లెవెల్ కంప్యూటర్ కి అదనపు వనరులు ఇచ్చేవారు. 2019 లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ లో ఏఐ ని కొత్తగా రాశారు. పాత ఏఐ లని కూడా ఎంచుకునే ఆప్షన్ ఇచ్చారు కాబట్టి, పాతదానికీ కొత్తదానికీ పోటీ పెట్టి తేడా మీరే చూడొచ్చు. రూల్స్ బాగా రాస్తే ఫ్రీ డబ్బులు లేకుండానే కంప్యూటర్ గట్టి పోటీ ఇవ్వగలదని అక్కడ అర్థమవుతుంది.

1515 లో ఏం జరిగింది?

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీద దండయాత్రలో ముందు ఉదయగిరిని ముట్టడించాడు. అది లొంగడానికి ఏడాదికి పైగా పట్టింది. తర్వాత లక్ష్యం కొండవీడు. కానీ నేరుగా వెళ్ళి కొండ గేటుకి తల కొట్టుకోలేదు. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం లాంటి చుట్టుపక్కల కోటల్ని పట్టుకున్నాడు. ఆ తర్వాతే, 1515 లో, కొండవీడు పడింది. ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు అక్కడే బందీ అయ్యాడు. గెలిచాక రాయలు అమరావతి అమరేశ్వరాలయంలో తులాపురుష దానం చేసినట్టు అక్కడి శాసనం చెబుతోంది.

ఇదే పరిస్థితిలో మామూలు గేమ్ ఏఐ ని పెడితే ఏం చేస్తుంది? మ్యాప్ లో అతి పెద్ద శత్రు కట్టడం ఏదో చూస్తుంది, అటు మార్చ్ చేస్తుంది. దారిలో వినుకొండ వాళ్ళు వెనక నుంచి కొడుతున్నా పట్టించుకోదు. కాబట్టి మనం ఏఐ కి నేర్పాల్సిన నిర్ణయాలు మూడు: ఎప్పుడు కొట్టాలి, ఎక్కడ కొట్టాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి.

1. ఎప్పుడు కొట్టాలి: అందరూ వచ్చాకే

ఐదుగురు ఐదుగురుగా పంపడం ఎంత నష్టమో లెక్క ఉంది. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే బ్రిటిష్ ఇంజనీర్ 1916 లో ప్రచురించిన పుస్తకంలో దీన్ని వివరించాడు. విలుకాళ్ళ లాగా అందరూ అందరినీ దూరం నుంచి కొట్టగలిగే పోరులో, సైన్యం బలం దాని సంఖ్య వర్గంతో పెరుగుతుంది.

ఒక ఉదాహరణ. శత్రువు దగ్గర 30 మంది విలుకాళ్ళు, మీ దగ్గర 30 మంది. అందరూ ఒకేసారి తలపడితే సమానం. అదే మీరు 10 మంది చొప్పున మూడు విడతలుగా పంపితే? శత్రువు బలం 900. ప్రతి విడతా 100 తగ్గిస్తుంది. చివరికి 600 మిగులుతుంది. దాని వర్గమూలం సుమారు 24. అంటే మీ 30 మందీ పోయారు, వాళ్ళలో 24 మంది ఇంకా నిలబడే ఉన్నారు!

కోడ్ లో పెట్టాల్సిన రూల్ సింపుల్. శత్రు టవర్ బాణాలు అందని చోట ఒక కూడలి పాయింట్ పెట్టండి. పంపిన వాళ్ళలో కనీసం 85 శాతం అక్కడికి చేరేదాకా దాడి మొదలుకాకూడదు. కదిలేటప్పుడు గుర్రాలు ముందుకి దూసుకెళ్ళకుండా, అందరికంటే నెమ్మదైన దళం వేగంతోనే నడవాలి.

ఒక జాగ్రత్త. కొండ కోట గేటు లాంటి ఇరుకు చోట ఈ వర్గం లెక్క పని చేయదు. ముందున్న కొద్దిమందే పోరాడగలరు, వెనకున్న వందమంది చూస్తూ నిలబడాలి. కొండవీడు లాంటి చోట మంది ఎక్కువ ఉండటం ఒక్కటే ఎందుకు సరిపోదో దీనితో తెలుస్తుంది. దారి వెడల్పు తక్కువైతే మీ బలాన్ని తగ్గించి లెక్కేయమని ఏఐ కి చెప్పాలి.

2. ఎక్కడ కొట్టాలి: కోటకంటే ముందు దాని చుట్టూ

దీనికి వాడే పద్ధతిని ఇన్‌ఫ్లుయెన్స్ మ్యాప్ అంటారు. మ్యాప్ ని చదరంగం బల్లలా గళ్ళుగా విడగొట్టండి. మన సైనికుడు ఉన్న గడికి ప్లస్ మార్కు, శత్రువు ఉన్న గడికి మైనస్ మార్కు. దూరం పెరిగేకొద్దీ ఆ మార్కు తగ్గుతూ పక్క గళ్ళకి పాకుతుంది. అప్పుడు ఎవరి పట్టు ఎక్కడుందో ఏఐ కి ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇప్పుడు ప్రతి లక్ష్యానికి స్కోర్ ఇవ్వాలి. పడగొడితే వచ్చే లాభం పైన, దూరం, కాపలా బలం కింద. దీనికి రెండు అదనపు రూల్స్ కలపండి. శత్రువుకి తిండి, కలప అందించే చోటికి బోనస్. మనం వెళ్ళే దారి పక్కన శత్రు స్థావరం మిగిలిపోతే పెనాల్టీ. ఈ రెండూ చేరితే ఏఐ తనంతట తానే ముందు వినుకొండ, బెల్లంకొండ చూసుకుని తర్వాత కొండవీడుకి వస్తుంది. "చిన్న కోటలు ముందు" అని మీరు విడిగా రాయక్కర్లేదు.

ఈ మ్యాప్ ని ప్రతి క్షణం లెక్కించొద్దు. ఐదు సెకన్లకి ఒకసారి చాలు. లేదంటే మామూలు ల్యాప్‌టాప్ లో గేమ్ నత్తనడక నడుస్తుంది.

3. ఎప్పుడు తగ్గాలి: రెండు గీతలు గీయండి

బలం ఎక్కువుంటే దాడి, తక్కువుంటే వెనక్కి అని ఒకే హద్దు పెడితే ఏఐ ఊగిసలాడుతుంది. ఒక్క సైనికుడు చస్తే వెనక్కి, ఒకడు వచ్చి కలిస్తే ముందుకి. పరిష్కారం రెండు వేర్వేరు హద్దులు. మన బలం శత్రువుకి 1.4 రెట్లు ఉంటేనే దాడి మొదలు. ఒకసారి మొదలయ్యాక 0.8 కంటే తగ్గితేనే వెనక్కి. మధ్యలో ఉంటే చేస్తున్న పని కొనసాగించాలి. ఈ నంబర్లు మొదలుపెట్టడానికే, టెస్ట్ చేసి మార్చుకోండి.

ఈ ఊగిసలాట పెద్దవాళ్ళకీ తప్పలేదు. డీప్‌మైండ్ వాళ్ళ ఆల్ఫాస్టార్ 2019 జనవరిలో చూపించిన స్టార్‌క్రాఫ్ట్ 2 మ్యాచ్ లలో ప్రొఫెషనల్ ప్లేయర్ల మీద 10 గెలిచింది. చివరి లైవ్ మ్యాచ్ లో మాత్రం మానా అనే ప్లేయర్ చేతిలో ఓడింది. అతను ఒక చిన్న దళాన్ని గాల్లో తీసుకొచ్చి దాని బేస్ లో దింపుతూ, ఎత్తుకుపోతూ ఉన్నాడు. ఏఐ తన పెద్ద సైన్యాన్ని మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పుతూ టైమ్ పోగొట్టుకుంది. రెండువందల ఏళ్ళ ఆటకి సమానమైన ప్రాక్టీస్ చేసిన ప్రోగ్రామ్ కే ఇలా జరిగింది. బేస్ కాపలాకి ఒక చిన్న దళం వేరుగా ఉంచి, చిన్న దాడులకి దాన్ని మాత్రమే పంపాలన్న రూల్ మన ఏఐ కి ఖచ్చితంగా కావాలి.

మీరే ట్రై చేయండి

గేమ్ ఇన్‌స్టాల్ అయిన చోట పబ్లిక్ అనే మాడ్ లోని జిప్ ఫైల్ లో సిమ్యులేషన్ ఫోల్డర్, దాని లోపల ఏఐ, దాని లోపల పెట్రా ఉంటాయి. ఆ ఫోల్డర్ ని కాపీ చేసి, పేరు మార్చి, మీ సొంత మాడ్ గా పెట్టుకోండి. ఒరిజినల్ ని ముట్టుకోవద్దు. ముందు కాన్ఫిగ్ ఫైల్ తెరవండి. అందులో దూకుడు, సహకారం, రక్షణ అనే మూడు స్వభావాలకి 0 నుంచి 1 మధ్య విలువలు కనిపిస్తాయి. వాటితో ఆడుకుంటే ఏఐ ఎలా మారుతుందో అర్థమవుతుంది. తర్వాత దాడి ప్లాన్ ఫైల్ లోకి వెళ్ళి పై రూల్స్ ఒక్కొక్కటిగా చేర్చండి. గేమ్ తో పాటే వచ్చే అట్లస్ ఎడిటర్ లో మధ్యలో ఒక కొండ కోట, చుట్టూ ఆరు చిన్న స్థావరాలు పెట్టుకుంటే మీ కొండవీడు మ్యాప్ రెడీ.

ఇక టెస్టింగ్. మీ ఏఐ ని పాత పెట్రాతో ఆడించండి, ఇద్దరికీ మీడియం లెవెల్ ఇచ్చి. స్క్రీన్ మీద బొమ్మ లేకుండా కమాండ్ లైన్ నుంచి మ్యాచ్ నడిపే ఆప్షన్ కూడా ఉంది, రాత్రి పెట్టి పడుకోవచ్చు. మ్యాప్ లో స్థానాలు మార్చి మార్చి ఆడించండి. 10 మ్యాచ్ లలో 6 గెలిచిందని సంబరపడొద్దు. ఇద్దరూ సమానమైనా ఒకరికి 6 లేదా అంతకంటే ఎక్కువ గెలుపులు వచ్చే ఛాన్స్ దాదాపు 38 శాతం. అదే 100 మ్యాచ్ లలో 60 వస్తే ఆ ఛాన్స్ 3 శాతం లోపే, అప్పుడు నమ్మొచ్చు.

మా మాట

1.56 రెట్ల వనరులతో వచ్చే కంప్యూటర్ ని ఓడిస్తే మనం నేర్చుకునేది వేగంగా క్లిక్ చేయడం. సమాన వనరులతో వచ్చి, మన పొలాలు తగలబెట్టి, చిన్న కోటలు పట్టుకుని, అప్పుడు గేటు ముందుకి వచ్చే కంప్యూటర్ తో ఆడితే 1515 లో కొండవీడు ఎలా పడిందో మనకి తెలుస్తుంది. హిస్టారికల్ గేమ్ అన్న పేరుకి అప్పుడే న్యాయం జరుగుతుంది. మూడు రూల్స్ లో ఏదో ఒకటే చేయగలిగితే మొదటిదే చేయండి. సైన్యం అంతా చేరేదాకా ఆగడం నేర్చుకున్న కంప్యూటర్, టవర్ల వెనక కూర్చున్న మిమ్మల్ని ఈసారి నిజంగా లేపి నిలబెడుతుంది.