చౌక తేమమాపకాల పరీక్ష, అమ్మకానంతర సేవ: ఖానాపూర్ ప్రాంత అవసరాల దృష్ట్యా విక్రేత పాత్ర

నిర్మల్ జిల్లా ఖానాపూర్ ప్రాంతంలో కడెం, సదర్మాట్ ఆయకట్టుల కింద వరి, మెట్ట భూముల్లో పత్తి, మొక్కజొన్న, సోయాచిక్కుడు సాగవుతాయి. ఈ పంటల కొనుగోలులో రైతుకు దక్కే ధర చాలావరకు ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరం తెరపై కనిపించే అంకెను బట్టి నిర్ణయమవుతుంది. మద్దతు ధరకు వరి ధాన్యంలో 17, మొక్కజొన్నలో 14, సోయాచిక్కుడులో 12 శాతం తేమ గరిష్ఠ పరిమితి. పత్తికి 8 శాతం వరకు పూర్తి ధర లభిస్తుంది. ఆపైన ప్రతి ఒక్క శాతానికి ధరలో ఒక శాతం కోత ఉంటుంది, 12 శాతం దాటితే కొనుగోలే ఉండదు. 2024–25లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. మీటరు ఒక్క శాతం ఎక్కువ చూపితే రైతు క్వింటాలుకు 75 రూపాయలకు పైగా నష్టపోతాడు. 11.5 శాతం తేమ ఉన్న పత్తిని అదే మీటరు 12.5గా చూపితే బండి ప్రైవేటు వ్యాపారి వద్దకు మళ్లుతుంది.

తేమమాపకాల గురించి చర్చ వచ్చినప్పుడు కొనుగోలు కేంద్రం, రైతు, అధికారి ముగ్గురే గుర్తుకు వస్తారు. ఆ పరికరాన్ని తెప్పించి అమ్మిన దుకాణదారును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నిజానికి చౌక మీటరులోని లోపాన్ని మొదట పట్టుకోగలిగినవాడు ఆయనే.

మీటరు కొలిచేది ఏమిటి?

చౌక తేమమాపకం తేమను నేరుగా కొలవదు. పొడి గింజల డైఎలక్ట్రిక్ స్థిరాంకం 2 నుంచి 4 వరకు ఉండగా నీటిది 80కి దగ్గరగా ఉంటుంది. గింజలు పోసిన పాత్ర కెపాసిటెన్సును కొలిచి, తయారీదారు ముందే నింపిన పట్టిక సహాయంతో మీటరు తేమ శాతాన్ని అంచనా వేస్తుంది. పత్తి మీటర్లు ఎక్కువగా విద్యుత్ నిరోధం ఆధారంగా పనిచేస్తాయి. రెండు పద్ధతుల్లోనూ ఉష్ణోగ్రత, గింజలు ఎంత ఒత్తుగా కూరుకున్నాయన్నది, గింజ పరిమాణం, దుమ్ము ఫలితాన్ని మారుస్తాయి. ఈ ప్రభావాలను తగ్గించడానికే అమెరికా వ్యవసాయ శాఖ 2012 నుంచి తన అధికారిక తనిఖీల్లో 149 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేసే మీటర్లకు మారింది. చేతిలో ఇమిడే చౌక మీటరు నుంచి ఆ స్థాయి నిలకడను ఆశించలేము. అయితే దాని పరిమితి ఎంతో తెలిస్తే దానితోనూ పని జరుగుతుంది. ఆ పరిమితిని కనుగొనడమే విక్రేత చేయవలసిన పరీక్ష.

పట్టిక విషయంలోనే మొదటి చిక్కు వస్తుంది. దిగుమతి మీటరులో ‘రైస్’ అని ఉన్న మీట వడ్లకా, బియ్యానికా అన్నది పెట్టె మీద స్పష్టంగా ఉండదు. ‘కాటన్’ అన్నది గింజతో ఉన్న పత్తికా, దూదికా అన్నదీ అంతే. తేమను ఏ ప్రాతిపదికన చెబుతున్నారో కూడా అడగాలి. తడి ప్రాతిపదికన 17 శాతం అంటే పొడి ప్రాతిపదికన 20.5 శాతం. వస్త్ర పరిశ్రమలో వాడుకలో ఉన్న 8.5 శాతం ‘రీగెయిన్’ పొడి ప్రాతిపదికన చెప్పిన లెక్క, తడి ప్రాతిపదికన అది 7.8 శాతమే అవుతుంది. ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబివ్వలేని సరఫరాదారు వద్ద సరుకు తీసుకోకపోవడమే మేలు.

పరీక్ష విధానం

నమూనా కింద వచ్చిన ఒక్క మీటరును చూసి వంద మీటర్లు తెప్పించడం సాధారణంగా జరిగే పొరపాటు. చౌక పరికరాల్లో ఒకే మోడలుకు చెందిన రెండు మీటర్ల మధ్య తేడా, రెండు కంపెనీల మీటర్ల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉండవచ్చు. కనీసం ఐదు మీటర్లనైనా ఒకే నమూనాపై పరీక్షించాలి.

ప్రామాణికం వేడిగాలి ఓవెన్ పద్ధతి. పొడి చేసిన గింజలను 130 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు గంటలు, మొక్కజొన్న పిండినైతే నాలుగు గంటలు ఆరబెట్టి, తగ్గిన బరువును బట్టి తేమను లెక్కిస్తారు. ఖానాపూర్ దుకాణంలో ఓవెన్ ఉండదు. గోదావరి ఆవలి ఒడ్డున జగిత్యాల జిల్లా పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, ఆదిలాబాద్ పరిశోధన స్థానం వంటి సంస్థలు సీజనుకు ముందు కొన్ని నమూనాలను పరీక్షించి సీలు చేసి ఇవ్వగలిగితే ఆ లోటు తీరుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలకు ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

వేర్వేరు తేమ స్థాయిల నమూనాలను తయారు చేసుకోవచ్చు. 12 శాతం తేమ ఉన్న కిలో వడ్లను 17 శాతానికి తేవాలంటే 1000 గ్రాములను 5తో గుణించి 83తో భాగించాలి. సుమారు 60 మిల్లీలీటర్ల నీరు అవసరమవుతుంది. ఆ నీరు కలిపి, గాలి చొరని డబ్బాలో చల్లని చోట కొన్ని రోజులు ఉంచి, రోజూ కుదుపుతూ ఉంటే తేమ గింజ లోపలికి సమంగా చేరుతుంది. తొందరపడితే పైపొర మాత్రమే తడిసి మీటరు ఎక్కువ చూపుతుంది. ఇలా తిరిగి తడిపిన ధాన్యం పొలం నుంచి వచ్చిన పచ్చి ధాన్యంలా ప్రవర్తించకపోవచ్చు. కనుక కోత సమయంలో తాజా నమూనాలతో మరోసారి సరిచూడటం తప్పనిసరి.

ఫలితాలను చదవడంలో విద్యార్థులు గమనించవలసిన తేడా ఒకటి ఉంది. ఓవెన్‌లో 17.0 వచ్చిన నమూనాకు ఒక మీటరు 18.1, 18.0, 18.2 చూపిందనీ, మరొకటి 16.2, 17.9, 17.0 చూపిందనీ అనుకుందాం. రెండో దాని సగటు దాదాపు సరిగ్గా 17. అయినా తిరస్కరించవలసింది దానినే. మొదటి మీటరు ప్రతిసారీ 1.1 శాతం మేర ఎక్కువ చూపుతోంది, ఆ మేరకు తగ్గించుకుంటే సరిపోతుంది. రెండోది ఏ రైతు వంతు వచ్చినప్పుడు ఏ అంకె చూపుతుందో చెప్పలేము. అయితే మొదటి మీటరు దోషం 12 శాతం దగ్గర, 20 శాతం దగ్గర కూడా అంతే ఉందా అన్నది చూడకుండా సవరణ అంకెను నిర్ణయించరాదు.

ఉష్ణోగ్రత పరీక్షకు ఈ ప్రాంతంలో ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఉత్తర తెలంగాణలో చలికాలపు ఉదయాలు ఎంత చల్లనివో వేసవి మధ్యాహ్నాలు అంత వేడివి. పత్తి, వానాకాలపు వడ్లు చలిలో, యాసంగి వడ్లు ఎండలో కేంద్రానికి వస్తాయి. మీటరులోని ఉష్ణోగ్రత సవరణ తరచుగా మీటరు వేడిని కొలుస్తుంది, గింజ వేడిని కాదు. ఎండలో ఆరబోసిన కుప్ప నుంచి తీసిన నమూనాను కాసేపు నీడన ఉంచకుండా కొలవడం వల్ల వచ్చే వివాదాలకు మీటరును నిందించి లాభం లేదు. బ్యాటరీ బలహీనపడినప్పుడు మీటరు ఆగిపోతుందా, లేక ఆగకుండా తప్పుడు అంకె చూపుతుందా అన్నదీ పరీక్షించాలి. రెండోది ఉన్న మోడలును దుకాణంలోకి రానీయకూడదు.

అమ్మకూడని సరుకు కూడా కొంత ఉంది. బ్యాటరీ లేకుండా మట్టిలో గుచ్చితే ఉదజని సూచిక చూపుతుందనే రెండు పుల్లల పరికరం నిజానికి రెండు లోహాల మధ్య పుట్టే స్వల్ప విద్యుత్తును చూపుతుంది. అది మట్టి తడిని బట్టి మారుతుంది. నత్రజని, భాస్వరం, పొటాష్‌లను క్షణాల్లో చెబుతామనే చౌక ప్రోబులు సాధారణంగా మట్టి విద్యుత్ వాహకతను కొలిచి, దానిని మూడు గుణకాలతో హెచ్చించి మూడు అంకెలుగా చూపుతాయి. వీటిని నమ్మి ఎరువుల మోతాదు నిర్ణయించుకున్న రైతుకు కలిగే నష్టం పరికరం ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది.

అమ్మిన తరువాత

కొనుగోళ్ల కాలం కొన్ని వారాలే. మరమ్మతుకు పంపిన మీటరు ఇరవై రోజులకు తిరిగి వస్తే కేంద్రానికి దానితో పని ఉండదు. అందువల్ల అమ్మిన ప్రతి పది మీటర్లకు ఒకటి చొప్పునైనా బదులు మీటరు చేతిలో ఉంచుకునే దుకాణదారు, కాగితంపై ఏడాది వారంటీ ఇచ్చేవాడికంటే ఎక్కువ సేవ చేసినట్టు. ప్రతి మీటరు క్రమసంఖ్య, పరీక్ష తేదీ, ఏ ధాన్యానికి ఎంత సవరణ అన్నది రిజిస్టరులో ఉండాలి, మీటరు వెనుక చీటీపై కూడా ఉండాలి. పాత్రను ఎలా నింపాలి, పైగింజలను ఎలా చదును చేయాలి, మూడుసార్లు కొలిచి సగటు ఎలా తీయాలి అన్న వివరాలతో ఒక పేజీ తెలుగు సూచనలు జత చేస్తే ఫిర్యాదులు చాలా తగ్గుతాయి.

ఒక ఇబ్బంది మాత్రం సాంకేతికమైనది కాదు. దాదాపు ప్రతి చౌక మీటరులోనూ రీడింగును పైకో కిందికో జరిపే ఏర్పాటు ఉంటుంది. అదే దుకాణంలో రైతూ కొంటాడు, వ్యాపారీ కొంటాడు. ‘కొంచెం ఎక్కువ చూపేలా పెట్టి ఇవ్వండి’ అని అడిగేవారు ఉంటే విక్రేత ఏం చేయాలన్నది ఏ సూచనల పుస్తకంలోనూ ఉండదు. సవరణ చేసిన తరువాత మరను లేదా మీటలను కాగితపు సీలుతో మూసి, సీలు సంఖ్యను రిజిస్టరులో రాసి, ఆ పేజీ నకలును కొన్నవారికి ఇవ్వడం ఆచరణలో సాధ్యమైన మార్గం. సీలు చిరిగిన మీటరును మళ్లీ నమూనాలతో సరిచూసిన తరువాతే కొత్త సీలు వేయాలి. తన వడ్లు తిరస్కరణకు గురైన రైతు ఆ సీలు సంఖ్య అడగవచ్చని విస్తరణ సిబ్బంది రైతు వేదికల్లో చెప్పగలిగితే, మీటరు వెనుక ఉన్న ఆ చిన్న చీటీని చదివేవారు ఉంటారు.