అధిక రక్తపోటు గల గర్భిణుల్లో జరాయువు సమస్యలు – రక్త సూచికలు

ఇబ్రహీంపట్నం మండలంలోని ఒక గ్రామంలో 30 వారాల గర్భిణికి రక్తపోటు 146/94 ఉందనుకుందాం. అంతకుముందు ఆమెకు రక్తపోటు లేదు. నాలుగు గంటల తరవాత మళ్ళీ కొలిచినా తగ్గలేదు. కాని ఒంట్లో బాగానే ఉందని, ఇంటికి పోతానని అంటోంది. పంపవచ్చా? రక్తపోటు అంకె ఒక్కటే దీనికి సమాధానం చెప్పలేదు. కారణాన్ని ఈ భాగంలో తెలుసుకుందాం.

1. సమస్య ఎక్కడ మొదలవుతుంది?

మనం మాయ అని పిలిచే జరాయువు ద్వారానే బిడ్డకు ఆక్సిజన్, పోషకాలు అందుతాయి. గర్భం తొలి నెలల్లో జరాయువు కణాలు గర్భాశయ గోడలోని సర్పిల ధమనుల్లోకి చొచ్చుకుపోయి వాటిని వెడల్పు చేస్తాయి. కొందరిలో ఈ మార్పు అరకొరగా జరిగి, ధమనులు ఇరుకుగానే ఉండిపోతాయి. అప్పుడు జరాయువుకు రక్తం చాలదు. బిడ్డ ఎదుగుదల మందగించవచ్చు. కొన్నిసార్లు ప్రసవానికి ముందే మాయ గోడ నుంచి విడిపోతుంది. ఇది తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం.

20 వారాల తరవాత కొత్తగా రక్తపోటు 140/90 లేదా అంతకు మించి ఉండి, దానితోపాటు మూత్రంలో ప్రోటీన్ పోవడం గాని, ఇతర అవయవాలు దెబ్బతినడం గాని కనిపిస్తే అది ప్రీఎక్లాంప్సియా. మూర్ఛలు కూడా వస్తే ఎక్లాంప్సియా. వాడుకలో దీన్ని గుర్రపువాతం అంటారు.

2. రక్తంలో ఏం చూస్తారు?

అ) తల్లి అవయవాల స్థితిని తెలిపేవి: ప్లేట్‌లెట్లు లక్షకన్న తగ్గడం, కాలేయ ఎంజైములు రెట్టింపు కావడం, క్రియాటినిన్ 1.1 మి.గ్రా. దాటడం తీవ్రతకు గుర్తులు. ఇవి అప్పటికే జరిగిన నష్టాన్ని చెబుతాయి.

ఆ) జరాయువు స్థితిని తెలిపేవి: పి.ఎల్.జి.ఎఫ్. అనే జరాయువు వృద్ధి కారకం రక్తనాళాలను ఆరోగ్యంగా ఉంచుతుంది. రక్తం చాలని జరాయువు ఎస్.ఎఫ్.ఎల్.టి.-1 అనే ప్రోటీన్‌ను అధికంగా విడుదల చేస్తుంది. ఇది వృద్ధి కారకాన్ని బంధించి పనిచేయనివ్వదు. దాంతో రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని రక్తపోటు పెరుగుతుంది, మూత్రంలోకి ప్రోటీన్ కారుతుంది. బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం 2003లో ఈ సంబంధాన్ని వెల్లడించింది.

రెండవదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చే నిష్పత్తిని చూస్తారు. 2016లో ప్రచురితమైన ప్రోగ్నోసిస్ అధ్యయనం ప్రకారం, వ్యాధి అనుమానం ఉన్న గర్భిణిలో ఈ నిష్పత్తి 38 లేదా అంతకన్న తక్కువైతే, రాబోయే వారంలో ప్రీఎక్లాంప్సియా వచ్చే అవకాశం చాలా తక్కువ. 38 దాటినంత మాత్రాన వ్యాధి ఖాయం కాదు. అలాంటివారిలో నాలుగు వారాల్లోపు వ్యాధి వచ్చింది సుమారు 37 శాతం మందికే.

3. పరీక్షల పరిమితి

తక్కువ నిష్పత్తి ఇచ్చేది ఒక వారం ఊరట మాత్రమే. రక్తపోటు కొలవడం మానకూడదు. మాయ హఠాత్తుగా విడిపోవడాన్ని ఇది ముందే కచ్చితంగా చెప్పలేదు. మందులు రక్తపోటును అదుపులో ఉంచుతాయి, మెగ్నీషియం సల్ఫేటు మూర్ఛలను నివారిస్తుంది. కాని జబ్బుకు మూలమైన మాయ బయటికి వచ్చేది ప్రసవంతోనే.

కాబట్టి పై ఉదాహరణలోని గర్భిణిని ఇంటికి పంపే ముందే ఆ రోజే మూత్రం, ప్లేట్‌లెట్లు, కాలేయం, క్రియాటినిన్ పరీక్షలు చేయించాలి. నిష్పత్తి పరీక్ష అందుబాటులో లేకపోయినా ఇవి ఆగకూడదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం – వీటిలో ఏది కనిపించినా ఫలితాల కోసం వేచి ఉండక వెంటనే పెద్దాసుపత్రికి తరలించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సర్పిల ధమనులు ఇరుకుగా ఉండిపోతే జరాయువుకు ఏమవుతుంది?
2. నిష్పత్తి 30 వచ్చిన గర్భిణికి మీరు ఏ జాగ్రత్తలు చెబుతారు?