బుడమేటి గండ్లు, సర్కారు గడువులు

బుడమేరు మహానది కాదు. మైలవరము చుట్టునున్న కొండలలో పుట్టి, వెలగలేరు మీదుగ బెజవాడ యుత్తరపు పార్శ్వమును ఒరసికొని పోయి, తుదకు కొల్లేటిలో గలయు ఒక వాగు. ఏడాదిలో అధికభాగము దానిని తలచువారే యుండరు. కొండలమీద రెండు దినములు కుంభవృష్టి కురిసినచో మాత్రము ఆ వాగే లక్షల జనముగల నగరమును ముంచివేయగలదు. బెజవాడ దుఃఖదాయని యని దానికి ప్రజలు పెట్టిన పేరు ఊరక వచ్చినది కాదు.

2024 ఆగస్టు 31వ తేదీన మొదలైన యుపద్రవము పాఠకుల కందరకు జ్ఞప్తియందున్నదే. బంగాళాఖాతములో బలపడి కళింగపట్టణము దాపున తీరము దాటిన ఆ వాయుగుండమునకు తుపానను పేరైనను రాలేదు. పెనుగాలి లేదు, ఉప్పెన లేదు, వాన మాత్రమే. మొగల్రాజపురమున కొండచరియ విరిగిపడి ఇండ్లలోనివారు మరణించిరి. బుడమేటి మళ్లింపు కాలువ గట్టు మూడుచోట్ల తెగినది. సెప్టెంబరు 2న ప్రకాశము బ్యారేజి యొద్ద కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పారినది; బ్యారేజి కట్టిన పిమ్మట అంతటి ప్రవాహము నమోదైనది లేదు. మళ్లింపు కాలువ చేయవలసిన పని యేమి? వెలగలేరు రెగ్యులేటరు యొద్ద బుడమేటిని త్రిప్పి, ఇబ్రహీంపట్టణము ప్రక్క కృష్ణలో పడవేయుట. కృష్ణయే నిండి పొరలుచున్నప్పుడు ఆ నీరు పోవు దారి యెక్కడ? వెనుకకు తన్నినది, గట్టు త్రెంచినది, పల్లమును వెదకికొని నగరముపై బడినది. అజితసింగునగరము, పాయకాపురము, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగినవి. నగరములోని 64 డివిజనులలో సగము వరదపాలైనది. కనులు తెరచునప్పటికే నీరు గడప దాటినదనియు, వెలగలేటి యొద్ద గేట్లెత్తిన వార్త తమకు ముందుగ చేరలేదనియు బాధితులు మొరపెట్టుకొనిరి.

ఆ దినములలో ప్రభుత్వము నిదురించినదని మేమనము. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కలెక్టరు కచేరీనే తన కార్యస్థానముగ జేసికొని బెజవాడను విడువలేదు. జలవనరుల మంత్రి నిమ్మల రామానాయుడు గట్టుమీదనే మకాము వేసెను. సైనికులు వచ్చి చేయివేయగా సెప్టెంబరు 7 నాటికి మూడవ గండియు పూడినది. పడవలు తిరిగినవి, ఆకాశమునుండి ఆహారపు పొట్లములు దిగినవి, నీరు తీసిన పిదప అగ్నిమాపక శకటములు ఇండ్లలోని బురదను కడిగినవి. సెప్టెంబరు 17న పరిహారము ప్రకటించి, 25న 602 కోట్ల రూపాయలు సుమారు నాలుగు లక్షల మందికి పంచిరి. మన దేశపు కచేరీల నడక నెరిగినవారికి ఇది ఆశ్చర్యకరమైన వేగమే.

కాని ఆకలిదప్పులు తీర్చుట వేరు, చెడిన సంసారమును నిలువబెట్టుట వేరు. మొదటిదానికి పడవయు పొట్లమును చాలును. రెండవదానికి నెలలు పట్టును, ఆ నెలలలో ఉత్సాహము చల్లారును. క్రింది అంతస్తులో నీరు చేరిన యింటికి 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000, ఆటోకు 10,000, మోటారు సైకిలుకు 3,000 అని నిర్ణయించిరి. పట్టికలో పేరెక్కినవారికి అవి ముట్టినవి. ఎక్కనివారి గతి యేమి? ఆధారు సంఖ్యతో బ్యాంకు ఖాతా పొసగలేదనియు, లెక్కకు వచ్చిన దినమున ఇంటిలో లేరనియు త్రోసివేయబడినవారు అర్జీలు చేతబట్టుకొని కలెక్టరు కచేరీ గుమ్మమున బారులు తీరిరి. మెడలోతు నీరు నిలిచిన యింటిలో మనుష్యు డెట్లుండునో, ఆ నిబంధన వ్రాసినవారే చెప్పవలెను! అద్దెకున్నవాని సామాను కొట్టుకొనిపోయినచో పరిహారము ఇల్లు గలవానిదా, అద్దెవానిదా యను తగవులును బయలుదేరినవి. మంచము, పరుపు, కుట్టుమిషను, పిల్లల పుస్తకములు అన్నియు బురదపాలైన కుటుంబమునకు 25,000 రూపాయలు ఏపాటి? ఆపాటికైనను నోచుకొననివాని సంగతి వేరుగ చెప్పనేల?

ఢిల్లీ తీరు మరియొక విధము. నష్టము 6,880 కోట్లని రాష్ట్రము సెప్టెంబరు మొదటివారములోనే నివేదించినది. కేంద్రమంత్రి వచ్చి చూచెను, అధికారుల బృందము వచ్చి చూచినది. అక్టోబరు 1న 1,036 కోట్లు విడుదలైనవి. అవి రాష్ట్రపు విపత్తు నిధికి ఏటేటా రావలసిన కేంద్రపు పాలే. ఈ వరదలకని ప్రత్యేకముగ మంజూరైన మొత్తము 608.08 కోట్లు, అదియు 2025 ఫిబ్రవరి 19న. అడిగినదానిలో పదునొకండవ వంతైనను కాదు, నీరు తీసిన అయిదు మాసములకు గాని రాలేదు. రాష్ట్రములు నష్టమును హెచ్చించి వ్రాయుట, కేంద్రము దానిని నరకుట అలవాటైన బేరమని కొందరందురు. బేరమే యగుగాక, దాని ఖర్చు మాత్రము పాయకాపురములో అప్పుచేసి పొయ్యి వెలిగించుకొన్నవాడు పెట్టుకొన్నాడు.

మైలవరము సీమను గూర్చియు కొంత చెప్పవలసియున్నది. వరద యనగా అందరును సింగునగరమునే తలచిరి, అది సహజమే. కాని నీరు మొదట త్రొక్కినది మైలవరము, రెడ్డిగూడెము, జి. కొండూరు ప్రాంతముల చేలను. వరిమడికి హెక్టారుకు 25,000 రూపాయలని ప్రకటించిరి గదా; ఆ సొమ్ము ఎవరి చేతికి? దున్ని, నాటి, ఎరువు వేసి, వడ్డీకి అప్పుతెచ్చినవాడు పెక్కుచోట్ల కౌలుదారు. 2019 నాటి సాగుదారు హక్కుల శాసనమున భూస్వామి సమ్మతి లేనిదే కౌలుదారునకు పత్రము పుట్టని నిబంధన పెట్టిరి. సంతకము చేసినచో భూమి పోవునేమో యను భయముతో మనలో ననేకులు వ్రేలు కదల్పలేదు. ప్రభుత్వపు మందకొడితనమును దూషించు మన నోటికి ఈ మాట చేదుగనే యుండవచ్చును. పత్రము లేని కౌలుదారుని మడి మునిగినప్పుడు పరిహారము బెజవాడలో కాపురమున్న ఆసామి ఖాతాలో బడినచో, ఆ అన్యాయములో ఢిల్లీకిని అమరావతికిని భాగము లేదు.

ఇక అసలు సంగతి. 2005లోను బుడమేరు బెజవాడను ముంచినది. మళ్లింపు కాలువ 15,000 క్యూసెక్కులకు కట్టినది. దానిని 37,500కు వెడల్పు చేయవలెనని సంకల్పము జరిగినది. కాగితములు కదలినవి, పనులు మొదలై నిలిచినవి. మంత్రివర్గములు మారినవి, ఒక కక్షి మరియొక కక్షిపై నేరము మోపినది. పందొమ్మిది సంవత్సరములు గడచినవి. 2024లో కాలువ తాళగల దానికి రెండింతలకు మించిన నీరు వచ్చి అదే పాఠమును మరల చెప్పిపోయినది.

ఆ 2005లోనే, ఆగస్టు 29న, అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమును కత్రినా తుపాను ముంచెను. గట్లు అనేకస్థలముల తెగి నగరములో ఎనిమిది పాళ్లు నీటమునిగినది, వేయిమందికి పైగ చనిపోయిరి. ఆ సంపన్నదేశపు ప్రభుత్వము చూపిన అలసత్వము లోకమంతటను అపహాస్యము పాలైనది. విపత్తుశాఖాధిపతి రెండువారములలో పదవి విడువవలసి వచ్చెను. ఇండ్లు కట్టుకొనుటకిచ్చిన సాయమును ఇంటి పూర్వపు వెలనుబట్టి లెక్కించుటచే నల్లజాతివారి పేటలకు తక్కువ ముట్టినదని వ్యాజ్యము నడచినది. 2000లో 4.85 లక్షలున్న జనసంఖ్య 2010 నాటికి 3.44 లక్షలకు దిగినది. అనుకరింపదగినది అందేమియు లేదందురా? ఒకటి కలదు. వారు సుమారు 1,450 కోట్ల డాలర్లు వెచ్చించి నగరము చుట్టు గట్లను, పంపులను, తూములను క్రొత్తగ కట్టిరి. 2021లో సరిగ అదే ఆగస్టు 29న ఐడా తుపాను వచ్చినప్పుడు కరెంటు పోయినది గాని ఆ గట్లు నిలిచినవి. రెండు నగరములు ఒకే యేట మునిగినవి; రెండవసారి పరీక్ష వచ్చునప్పటికి ఒకటి గట్టు కట్టుకొనియుండెను, రెండవది ఫైలు కట్టుకొనియుండెను.

ధనము లేకపోయెనని చెప్పుట చెల్లదు. కృష్ణా గోదావరి డెల్టాల మురుగుకాలువల బాగునకని 1968లో శాసనము చేసి రైతుల యొద్ద ప్రత్యేకముగ పన్ను వసూలు చేసిరి. మురుగు కదలనిదే డెల్టాకు మోక్షము లేదని అప్పటి పాలకులే గుర్తించిరన్నమాట. చేతకాదని చెప్పుటయు చెల్లదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో పదివేలమందిని పొట్టబెట్టుకొన్నది. పిదప తీరమున తుపాను ఆశ్రయములు లేచినవి, హెచ్చరిక పద్ధతి కుదిరినది. 1990 మే మాసములో అంతటి తుపానే వచ్చినను, లక్షల జనమును ముందుగ తరలించుటచే మృతుల సంఖ్య వేయికి లోబడినది. ఈ జిల్లాలోనే చేసి చూపిన పని యది.

వరద తగ్గిన పిమ్మట సర్కారు "ఆపరేషన్ బుడమేరు" అని పేరు పెట్టి ఆక్రమణల తొలగింపును, కాలువ విస్తరణను ప్రకటించినది. ఆక్రమణలనగానే వాగుగట్టు గుడిసెలు మొదట కంటబడును. వాగు పరీవాహమును మెరకచేసి స్థలములుగ కోసి అమ్మినవారి మాట తరువాత వచ్చును. ఆ వరుస తలక్రిందులు కావలెను. పైన మైలవరపు చెరువులు పూడికతో మేటవేసినవి. 1948 ఎస్టేటుల రద్దు శాసనముతో జమీందారుల చేతినుండి సర్కారు చేతికి వచ్చిన చెరువులవి. క్రింద కొల్లేరు చేపలచెరువుల గట్లతో ఇరుకైనది, ఉప్పుటేరు సముద్రమునకు నీటిని విడువలేక మూలుగుచున్నది. వెలగలేరు మాత్రమే బాగుచేసి పైని, క్రిందిని విడిచినచో పని పూర్తికాదు.

మేము కోరునది మరియొక పరిశీలక సంఘమును కాదు. మళ్లింపు కాలువ ఎన్ని మైళ్లు వెడల్పైనది, గండిపడిన మూడుచోట్ల గట్టు ఎంత యెత్తు లేచినది, త్రోసివేసిన అర్జీలలో ఎన్నింటికి కారణము వ్రాసి యిచ్చిరి, కౌలుదారులలో ఎందరికి సొమ్ము చేరినది — ఈ లెక్కను నెలనెలా తెలుగులో వ్రాసి, బెజవాడ కార్పొరేషను గోడమీదను, మైలవరము తాసీల్దారు కచేరీ గోడమీదను అతికింపవలెను. దినదినము డ్రోనులతో వరద బొమ్మలు తీయగలిగిన ప్రభుత్వమునకు నెలకొక కాగితము అతికించుట కష్టము గాదు.