వనభోజనాల పులిహోర చెడకుండా



కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద భోజనాలకు పులిహోర కట్టుకుపోవడం మనకు తరతరాల అలవాటు. అయితే ఒక్కొక్కసారి అదే అన్నం తిని పిల్లలకు వాంతులు పట్టుకుంటాయి. ఎందుచేత?

బియ్యంలో ఒక రకం సూక్ష్మజీవుల సిద్ధబీజాలుంటాయి. ఇవి విత్తనాల వంటివి. అన్నం ఉడికినా చావవు. అన్నాన్ని వేడిమీదే గిన్నెలో కుక్కి మూతపెడితే, ఆ గోరువెచ్చదనానికి మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు.

కాబట్టి అన్నం వార్చగానే వెడల్పాటి పళ్ళెంలో పలచగా ఆరబోయండి. పసుపు, నూనె పట్టించండి. బాగా ఆరాక, చిక్కగా ఉడికించిన చింతపండు గుజ్జు, పోపు కలపండి. పులుపు గట్టిగా ఉంటే సూక్ష్మజీవుల పెరుగుదల మందగిస్తుంది. మన పెద్దలు ప్రయాణాలకు పులిహోరనే ఎంచుకోవడంలో ఉన్న మేలు ఇదే. తడి తుడిచిన అరటాకును నిప్పుసెగకు చూపితే చిరగకుండా మడతపడుతుంది. అందులో పొట్లాలు కట్టి నీడన ఉంచండి.

పులుపు ఉంది కదా అని ధీమా పడకండి. వండిన 4 గంటలలోపల తినేయాలి. మిగిలినదంతా పశువుల తొట్టిలో కుమ్మరించవద్దు. అన్నం ఎక్కువైతే వాటి కడుపు పులిసి మేత మానేస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. తలలు లెక్కపెట్టుకుని ఎసరు పెట్టడమే మంచిది.