ఓకే అన్నది మెషినా, మనిషా?

కారుల ఇండికేటర్ వేస్తే 'టక్' మంటది. ఆ సప్పుడు ఉత్తగనే రాదు. స్విచ్ లోపల చిన్న స్ప్రింగు, దాని మూతికి ఒక పిన్ను ఉంటది. ఆ పిన్ను ఒక గుంటల నుంచి ఇంకో గుంటలకు దుంకితేనే మన వేలికి తెలుస్తది. స్ప్రింగు బలం తగ్గినా, పిన్ను పొట్టిగున్నా స్విచ్ లూజైతది.

ఐటీఐ, డిప్లొమా చేసిన మన ఊరి పోరగాళ్లు హోసూరు, శ్రీపెరంబుదూరు దిక్కు పోయి ఇసొంటి పార్టుల కంపెనీలల్ల చేరుతున్నరు. పనేందిరా అంటే, "అంతా మెషినే చేస్తది అన్నా, మేము పీసు పెట్టుడు, తీసుడే" అంటరు. అక్కడనే నాకు మనసున పట్టదు.

ఆ మెషిన్ల నడుమ గుండ్రటి టేబుల్ ఆగుకుంట ఆగుకుంట తిరుగుతది. పక్కన ఒక గిన్నె వణుకుతుంటది, బౌల్ ఫీడర్ అంటరు. దాంట్ల కుప్పపోసిన పిన్నులు వరుసకట్టి ఒక్కొక్కటే బయటికొస్తయి. ఒక స్టేషన్ల గ్రీజు చుక్క, ఇంకోదాంట్ల కాంటాక్టు నొక్కుడు, ఆ తర్వాత కెమెరా చూసుడు.

అసలు కథ ఆఖరి టెస్టింగ్ స్టేషన్ల ఉంటది. మోటారు మన చెయ్యి లెక్క స్విచ్ ను తిప్పుతది. ఎంత బలం పట్టిందో సెన్సర్ కొలిస్తే తెర మీద గీత వస్తది. గీత పైకెక్కి దబ్బున దిగుతది, ఆ దిగుడే మన 'టక్'. కరెంటు పంపి కాంటాక్టు కాడ ఎన్ని మిల్లీవోల్టులు పోతున్నయో గూడ చూస్తది. రెండు హద్దుల నడుమ ఉంటే ఓకే, దాటితే ఎన్జీ. ఎన్జీ పీసు తాళమేసిన ఎర్ర డబ్బాల పడాలె.

గని ఆ హద్దులు మెషిన్ పెట్టుకోదు, మనిషి టైపు చేస్తడు. టార్గెట్ అందుతలేదని హద్దును కొంచెం జరిపితే, నిన్న ఎన్జీ అన్న పీసునే ఇయ్యాల ఓకే అంటది. అదే పచ్చ లైటు, అదే స్టిక్కర్.

హద్దు తప్పితే ఏమైతదో అమెరికాల జనరల్ మోటార్స్ కథ చెప్తది. షెవర్లే కోబాల్ట్, శాటర్న్ అయాన్ కార్లల్ల తాళంచెవి స్విచ్ ను తిప్పాలంటే కనీసం 15 న్యూటన్ సెంటీమీటర్ల బలం పట్టాలె. అంటే ఇరుసుకు సెంటీమీటరు దూరాన కిలోన్నర బరువు యేలాడదీసినట్టు. అంత లేదని తెలిసి గూడ 2002ల దాన్ని పాస్ చేసిండ్రు. అక్కడ మెషిన్ మోసం చెయ్యలే, మనిషే సంతకం పెట్టిండు. చెవుల గుత్తి బరువైనా, మోకాలు తాకినా స్విచ్ జారేది. నడిచే బండి ఇంజన్ ఆగేది, పవర్ స్టీరింగ్ పోయేది, గుద్దుకుంటే ఎయిర్ బ్యాగ్ తెరుచుకోకపోయేది. తర్వాత పిన్నును దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ పొడుగు చేసిండ్రు, పార్టు నంబరు మాత్రం మార్చలే! అందుకే తేడా పట్టుకునుడు ఏండ్లకేండ్లు ఆలస్యమైంది. 2014ల 26 లక్షల కార్లు వాపస్ పిలిచిండ్రు. 124 మంది చావులకు పరిహార నిధి క్లెయిములు ఒప్పుకున్నది.

అందుకే తమ్ముడూ, చెల్లే, పీసు పెట్టి తీసుడు కాడనే ఆగకుండ్రి. తెర మీద గీత చదువుడు నేర్చుకోండ్రి. షిఫ్టు మొదలుకాంగనే కావాల్నని దాచిపెట్టిన చెడ్డ పీసును మెషిన్ల పెడతరు, దాన్ని అది తోసెయ్యాలె. ఓకే అన్నదంటే లైన్ నడవొద్దు. హద్దు ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చిండ్రో రికార్డుల ఉండాలె.

చెప్పుడు అల్కనే. కాంట్రాక్టు పోరడు లైన్ ఆపితే రేపు గేటు కాడ్నే ఆపుతరేమోనని భయం. ఆ భయం ఉన్నన్ని దినాలు కోట్ల రూపాయల టెస్టర్ గూడ సగం గుడ్డిదే. యూనియన్లు జీతం, బస్సు, క్యాంటీన్ అడుగుతున్నయి, అడగాలె. తప్పు పీసు చూసి లైన్ ఆపినోని నౌకరి తియ్యొద్దన్న ముచ్చట గూడ ఒప్పందం కాగితంల రాయించాలె. కాంట్రాక్టోళ్ల పేరు అండ్ల ముందుగాల ఉండాలె.