గాలి సోకితే స్పందించే ప్లాస్టిక్

పాలీఎసిటిలీన్ మొదట దేనికీ కొరగాని నల్లటి పొడి. 1967లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హిదేకి షిరాకవా దగ్గర జరిగిన ఒక ప్రయోగంలో కొలత తప్పి, ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. పొడికి బదులు వెండిరేకులా మెరిసే పొర పేరుకుంది. మెరుపు లోహానిదే కానీ, విద్యుత్తు అందులో అంతగా పారలేదు.

పదేళ్ల తరువాత, 1977లో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో షిరాకవా, అలన్ మెక్‌డియర్మిడ్, అలన్ హీగర్ ఆ పొరకు అయొడిన్ ఆవిరి పట్టించారు. వాహకత దాదాపు కోటి రెట్లు పెరిగింది. పాలీఎసిటిలీన్ గొలుసులో కార్బన్ల మధ్య ఏకబంధం, ద్విబంధం ఒకటి విడిచి ఒకటి వస్తాయి. అయొడిన్ ఆ గొలుసు నుంచి కొన్ని ఎలక్ట్రాన్లను లాగేసుకుంటుంది. కిక్కిరిసిన బెంచీ మీద ఒకరు లేస్తే మిగతావాళ్లు జరగడానికి చోటు చిక్కినట్టు, ఆ ఖాళీల వెంట ఆవేశం కదులుతుంది. ముగ్గురికీ 2000లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పదార్థం మాత్రం గాలి తగిలితే పాడైపోయేది, పరికరాల్లో కుదురుకోలేదు.

గాలికి తట్టుకోగల పాలీఎనిలీన్ ఆ లోటు తీర్చింది. దాని ముడిసరుకు ఎనిలీన్ నీలిమందుకు చుట్టం: 1826లో నీలిమందును బట్టీ పట్టే దాన్ని మొదట రాబట్టారు, పేరులోనూ సంస్కృత ‘నీల’ దాగి ఉంది. ఆమ్లం సోకితే పాలీఎనిలీన్ ఆకుపచ్చగా మారి విద్యుత్తును పారనిస్తుంది. అమోనియా సోకితే నీలిరంగుకు తిరిగి అడ్డుకుంటుంది. వాయువులను పసిగట్టడానికి ఈ గుణం చాలు. చిక్కల్లా మందంతోనే. పొర దళసరిగా ఉంటే వాయువు లోపలికి ఇంకడానికి సమయం పడుతుంది.

నానో పరిమాణం అక్కరకొచ్చింది ఇక్కడే. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ కేనర్ బృందం 2003లో ప్రచురించిన పద్ధతికి ఒక గాజుపాత్ర సరిపోతుంది. నీటితో కలవని ద్రావణిలో ఎనిలీన్, నీటిలో ఆమ్లం, ఆక్సీకరణ కారకం ఉంటాయి. రెండు ద్రవాలూ తాకే గీత దగ్గర ఆకుపచ్చ పుట్టి నీటివైపు వ్యాపిస్తుంది. ఆ రంగంతా సన్నని పోగులే. ఒక్కోదాని మందం సుమారు 30 నుంచి 50 నానోమీటర్లు, తలవెంట్రుకలో వెయ్యో వంతు కన్నా తక్కువ. వాటిని ఎలక్ట్రోడ్ల మీద ఆరబెడితే వలలా అల్లుకుంటాయి. వాయువు ప్రతి పోగునూ నేరుగా తాకుతుంది కాబట్టి, మందపు పొరలో కన్నా త్వరగా నిరోధం మారుతుంది.

కంప్యూటర్ చిప్‌లో సిలికాన్‌తో ఇవి పోటీపడలేవు; ఒక గొలుసు నుంచి పక్క గొలుసుకు దూకేటప్పుడు ఆవేశం తడబడుతుంది. ఇక తేమ తగిలినా పాలీఎనిలీన్ వాహకత మారుతుంది గనుక, అమోనియాను కొలిచేటప్పుడు గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది.