తేలికపాటి పడవకు ఎలాంటి ట్రెయిలర్ కావాలి?

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు నీట మునిగినప్పుడు పడవ విలువ ఏమిటో అందరికీ తెలిసింది. అప్పటి నుంచి సహాయక చర్యల కోసం చిన్న పడవ కొనివ్వాలనే ఆలోచన చాలామంది దాతలకు కలగడం సహజమే. పడవలో ఎంతమంది పడతారు, మోటారు ఎన్ని హార్స్‌పవర్ అని అందరూ అడుగుతారు. అది రోడ్డు మీద ఎలా వెళ్తుందని అడిగేవారు తక్కువ. మచిలీపట్నం నుంచి విజయవాడకు దాదాపు 70 కిలోమీటర్లు. వానకు గుంతలు పడ్డ దారిలో అంత దూరం ఎగిరెగిరి వచ్చిన పడవకు అడుగు చిట్లినా, మోటారు బిగించే వెనుక పలక కదిలినా, ఇచ్చిన డబ్బు అవసరమైన రోజున అక్కరకు రాదు. అందుకే పడవ కింద ఉండే ట్రెయిలర్ గురించి, ముఖ్యంగా దాని సస్పెన్షన్ గురించి నాలుగు మాటలు.

గట్టి స్ప్రింగు మంచిదేనా?

"ఎందుకైనా మంచిది, కాస్త గట్టివే వేయండి" అని మనం వెల్డింగ్ షాపులో చెబుతుంటాం. సరుకుల బండికి ఆ మాట కొంతవరకు సరిపోతుంది. తేలికపాటి పడవకు మాత్రం అది చేటు చేస్తుంది. స్ప్రింగు బరువుకు కాస్త కుంగితేనే గుంత దెబ్బను తనలో ఇముడ్చుకోగలదు. కుంగని స్ప్రింగు ఇనుప దిమ్మెతో సమానం. దెబ్బంతా ఫ్రేముకు, అక్కడి నుంచి పడవకు చేరుతుంది.

ఒక లెక్క చూద్దాం. గాలి నింపే రబ్బరు పడవ 110 కిలోలు, మోటారు 45, పాతిక లీటర్ల పెట్రోలు 19, పన్నెండు లైఫ్ జాకెట్లు 12, తాళ్లు, తెడ్లు, టార్చిలు 14 అనుకుందాం. మొత్తం 200 కిలోలు. ట్రెయిలర్ బరువు 150 అనుకుంటే, అందులో ఇరుసు, చక్రాలు 50 దాకా ఉంటాయి. అవి స్ప్రింగుల కింద ఉంటాయి కనుక వాటి భారం స్ప్రింగుల మీద పడదు. అంటే స్ప్రింగులు మోయవలసింది సుమారు 300 కిలోలే.

ఇప్పుడు 1200 కిలోలు మోసే జత వేశామనుకోండి. నిండు బరువుకు 8 సెంటీమీటర్లు కుంగే ఆ జత, మన 300 కిలోలకు 2 సెంటీమీటర్లే కుంగుతుంది. గుంత తగిలితే బండి సెకనుకు మూడున్నర సార్లు చొప్పున దడదడలాడుతుంది. అదే 8 సెంటీమీటర్ల కుంగుడుతో 400 కిలోల జత వేస్తే, మన బరువుకు 6 సెంటీమీటర్లు కుంగి, సెకనుకు రెండు సార్ల చొప్పున మెల్లగా ఊగుతుంది. అసలు బరువు కంటే పాతిక నుంచి ముప్పై శాతం ఎక్కువ మోయగల జత చాలు.

మూడు రకాలు

మొదటిది, స్ప్రింగులే లేని బండి. మన ట్రాక్టర్ ట్రక్కులు చాలావరకు ఇలాంటివే. గట్టు మీద నుంచి రేవు దాకా తీసుకెళ్లడానికి ఫర్వాలేదు కానీ, హైవే మీద వేగంగా వెళ్లడానికి పనికిరాదు.

రెండోది కమాన్ కట్ట. ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు ఇవి. ధర తక్కువ. విజయవాడ ఆటోనగర్‌లోనే కాదు, చిన్న ఊళ్లోనూ మరమ్మతు చేసేవారు దొరుకుతారు. పట్టీ విరిగితే ఆ పట్టీనే మార్చుకోవచ్చు. పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల ఊపు కూడా కొంత తగ్గుతుంది. జీపు కమాన్లు దొరికాయని అలాగే బిగించకుండా, మన బరువుకు తగ్గ సన్నని కట్ట చేయించాలి. దీని శత్రువు తుప్పు. ఉప్పునీటిలో దించిన ప్రతిసారీ పట్టీల మధ్య చేరిన నీరు లోపలి నుంచి తినేస్తుంది.

మూడోది టార్షన్ ఇరుసు. చదరపు ఇనుప గొట్టంలో మరో చదరపు కడ్డీ, ఆ రెంటి మధ్య రబ్బరు తాళ్లు ఉంటాయి. చక్రం లేచినప్పుడు కడ్డీ తిరిగి రబ్బరును నొక్కుతుంది. ఒక చక్రం గుంతలో పడ్డా రెండోది దాదాపు కదలదు. తేలికపాటి పడవకు ఈ ప్రయాణం చాలా మెత్తగా ఉంటుంది. అయితే దాని శక్తి తయారీలోనే ఖరారవుతుంది, తర్వాత పట్టీ తీసినట్టు తగ్గించలేం. రబ్బరు పాతబడినా గొట్టం తుప్పు పట్టినా సాధారణంగా ఇరుసు మొత్తం మార్చాలి. దగ్గరలో మార్చేవారు లేని ఊరికి ఇది తగదు.

మన పరిస్థితుల్లో, బరువుకు సరిగ్గా కుదిర్చిన, జింకు పూత పూసిన కమాన్ కట్ట మేలు. వరద రాత్రి విరిగితే తెల్లవారేలోగా బాగుచేసుకోగలగడం దానికున్న పెద్ద గుణం.

స్ప్రింగు ఒక్కటే చాలదు

టైరు కూడా ఒక స్ప్రింగే. దాని అంచు మీద రాసిన గరిష్ఠ గాలి గరిష్ఠ బరువుకు ఉద్దేశించినది. తేలికపాటి బండికి అంత కొట్టిస్తే కమాన్ ఎంత మెత్తగా ఉన్నా ప్రయోజనం లేదు. కంపెనీ పట్టిక చూసి బరువుకు తగ్గ గాలి కొట్టించాలి. మరీ చిన్న చక్రాలు గుంతలోకి లోతుగా దిగుతాయి కనుక వాటి జోలికి వెళ్లకపోవడం మంచిది.

మోటారును పడవ వెనుక పలకకు బిగించి ప్రయాణించవద్దు. ప్రతి గుంతకూ ఆ 45 కిలోలు పలకను లాగుతాయి. విప్పి వాహనంలో పెట్టుకోవాలి. పడవను ముందు, వెనుక బెల్టులతో కట్టాలి. ట్రెయిలర్ ముక్కు మీద మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం, అంటే ఇక్కడ 17 నుంచి 35 కిలోలు పడేలా పడవను జరపాలి. అంతకంటే తక్కువైతే బండి పాములా ఊగుతుంది.

నీటిలోకి దించేముందు చక్రాల బేరింగులను చల్లారనివ్వాలి. వేడి మీద ముంచితే లోపలి గాలి కుంచించుకుని నీటిని పీల్చుకుంటుంది, గ్రీజు పాడవుతుంది. పని అయ్యాక మంచినీటితో కడగాలి.

దాతలు అడగవలసినవి

పడవకు విరాళం ఇచ్చేటప్పుడు ఈ ప్రశ్నలు తప్పక అడగండి. సామానంతా ఎక్కించి కాటా వేయించారా? స్ప్రింగుల జత ఎంత బరువుకు చేసినది? ఆ బరువుకు ఎన్ని సెంటీమీటర్లు కుంగింది? విడి పట్టీ, విడి బేరింగు, విడి టైరు ఉన్నాయా? రిజిస్ట్రేషన్, వెనుక లైట్లు సక్రమంగా ఉన్నాయా? ఏడాదికోసారి, వానాకాలానికి ముందు ఎవరు తనిఖీ చేస్తారు?

ఈ ఖర్చు పడవ ఫొటోలో కనిపించదు, దాని మీద ఎవరి పేరూ రాయరు. అయినా పడవకు ఇచ్చే ప్రతి విరాళంలో దీనికీ కొంత వాటా కేటాయించమని దాతలకు మనవి.